ట్యాబ్ మూశాక ఏది కనిపించాలి?

చూడబోతే చాలా చిన్న ప్రశ్న. బ్రౌజర్‌లో ఓ డజను ట్యాబులు తెరిచి ఉన్నాయి. ఒకటి చదవడం అయిపోయింది, మూసేశారు. ఇప్పుడు కళ్లముందుకు రావలసింది ఏది? కుడి పక్కదా, ఎడమ పక్కదా, ఇందాక చూస్తూ వదిలేసి వచ్చినదా, లేక ఏ పేజీలోని లింకు నొక్కి దీన్ని తెరిచారో ఆ పేజీయా? చాలా బ్రౌజర్లు ఈ ప్రశ్నను మనదాకా రానివ్వవు. తయారుచేసినవాళ్లే ఒక జవాబు అనుకుని అందరికీ అదే ఖాయం చేస్తారు. వివాల్డీ అనే బ్రౌజర్ సెట్టింగుల్లో ట్యాబుల విభాగం తెరిస్తే మాత్రం ఈ ప్రశ్నా, దాని కింద జవాబులూ వరసగా కనిపిస్తాయి. ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోవచ్చు.

ఆ జవాబుల్లో ఏదీ ఊరికే పెట్టింది కాదు. పొద్దున్నే పత్రిక వెబ్‌సైటు ముందు పేజీ తెరిచి, ఆసక్తిగా అనిపించిన వార్తలన్నీ వేరువేరు ట్యాబుల్లో పెట్టుకుని, ఒక్కొక్కటే చదివి మూసేసే మనిషికి కుడి పక్కది రావడమే సుఖం. రెండు పత్రాలు దగ్గర పెట్టుకుని సరిచూసే గుమస్తా మధ్యలో నిఘంటువు తెరిచి మూశాడనుకోండి, అతనికి ఇందాకటి పత్రమే తిరిగి రావాలి, అది వరసలో ఏ మూలన ఉన్నా సరే. ఒక వ్యాసంలోంచి ఇంకో వ్యాసానికి, అక్కణ్ణుంచి మరో దానికి గొలుసుగా పోయే పరిశోధకుడికి బయల్దేరిన చోటికి చేరడం కావాలి. ముగ్గురూ చేసిన పని ఒకటే, కోరుకున్నవి మూడు. ఇలాంటి సెట్టింగు రాయాలంటే జనం కంప్యూటరు ముందు కూర్చుని ఏం చేస్తారో చాలాకాలం గమనించి ఉండాలి. వివాల్డీలో సెట్టింగులు వందల్లో ఉన్నాయని మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు, తిట్టుకునేవాళ్లూ ఉన్నారు. నాకు సంఖ్య పెద్ద విషయంగా తోచదు. ఆ సెట్టింగుల వెనక ఉన్న గమనింపే ఈ బ్రౌజర్ అసలు పనితనం.

వివాల్డీ పుట్టడానికి కారణం ఇంకో బ్రౌజర్ రూపం మారిపోవడం. ఆ బ్రౌజర్ ఆపెరా. 1994లో నార్వే టెలిఫోన్ సంస్థ టెలెనోర్‌లో యోన్ వాన్ టెచ్‌నర్, గైర్ ఇవార్సోయ్ అనే ఇద్దరు దాన్ని పరిశోధన ప్రాజెక్టుగా మొదలుపెట్టారు. మరుసటి ఏడు దాని కోసమే సొంత కంపెనీ పెట్టుకున్నారు. ఒకే కిటికీలో అనేక పేజీలు తెరవడం ఆపెరాలో తొలి రోజుల నుంచే ఉంది. మౌస్‌తో గీత గీస్తే వెనక్కి, ముందుకి వెళ్లే సంజ్ఞలు 2001లో వచ్చాయి. ఇష్టమైన సైట్లను గడుల్లో పేర్చి చూపించే స్పీడ్ డయల్ 2007లో వచ్చింది. ఇప్పుడు చాలా బ్రౌజర్లలో కొత్త ట్యాబ్ తెరవగానే కనిపించే గడులకు మూలం అదే. 2005 దాకా ఆపెరా వాడాలంటే డబ్బు కట్టాలి, లేదా పైన ప్రకటన భరించాలి. అయినా వాడేవాళ్లు వాడారు.

టెచ్‌నర్ ఎలాంటి మనిషో చెప్పే ముచ్చట ఒకటుంది. 2005 ఏప్రిల్‌లో ఆపెరా 8 విడుదలైనప్పుడు, నాలుగు రోజుల్లో పది లక్షల డౌన్‌లోడ్లు అయితే నార్వే నుంచి అమెరికాకు ఈదుకుంటూ వెళ్తానని, దారిలో ఐస్‌లాండ్‌లో అమ్మ ఇంటి దగ్గర మాత్రం వేడి చాక్లెట్ తాగడానికి ఆగుతానని అన్నాడు. పది లక్షలూ అయ్యాయి. మాట ఇచ్చాడు కనక నీళ్లలో దూకాడు కూడా. అమెరికా సంగతి అటుంచండి, ఐస్‌లాండ్ దాకా కూడా వెళ్లలేదు.

ఆపెరా పేరు మన వైపు చాలామందికి తెలిసింది కంప్యూటర్లో కాదు, ఫోనులో. ఆపెరా మినీ చిన్న ఫోన్లలో, తక్కువ డేటాతో ఇంటర్నెట్ చూపించేది. తెలుగు బ్లాగులు ఊపు మీదున్న రోజుల్లో ఒక చిట్కా నోటి మాటగా తిరిగింది. ఫోనులో తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాల బదులు వరసగా డబ్బాలు కనిపించేవి. అప్పుడు అడ్రస్ రాసే చోట ‘ఆపెరా:కాన్ఫిగ్’ అని ఇంగ్లీషులో కొడితే ఒక పేజీ వచ్చేది. సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అన్న ప్రశ్న అందులో అట్టడుగున ఉండేది. దానికి ‘యెస్’ పెట్టి సేవ్ చేస్తే, ఆపెరా సర్వర్ తెలుగు పాఠాన్ని బొమ్మలుగా గీసి ఫోనుకు పంపేది. డేటా కాస్త ఎక్కువ పోయేది కానీ గుణింతాలు, వత్తులు చక్కగా కనిపించేవి. తెలుగు ఎలా చూపించాలో బొత్తిగా తెలియని ఫోను మీద తెలుగు చదివించిన పనితనం అది. అలాంటి ప్రశ్న అడగాలని తోచిన ఇంజనీర్లు ఏ ఇంటివాళ్లో, కంప్యూటర్ ఆపెరా రాసినవాళ్లూ ఆ ఇంటివాళ్లే.

ఇవార్సోయ్ 2006లో చనిపోయాడు. టెచ్‌నర్ 2011లో కంపెనీ వదిలి వెళ్లాడు. 2013 ఫిబ్రవరిలో ఆపెరా రెండు కబుర్లు ఒకేసారి చెప్పింది. ఒకటి, తమ బ్రౌజర్లు వాడేవాళ్లు 30 కోట్లకు చేరారని. రెండోది, పేజీలను చదివి తెర మీద పేర్చే సొంత ఇంజిన్ ప్రెస్టోను వదిలేసి, గూగుల్ క్రోమ్‌కు పునాదిగా ఉన్న క్రోమియం మీదికి మారిపోతున్నామని. అది అర్థం లేని నిర్ణయమేమీ కాదు. సొంత ఇంజిన్‌ను నడపడం బరువైన పని. పైగా వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లు పెద్ద బ్రౌజర్లలో సరిగ్గా ఉందో లేదో చూసుకుని, ఆపెరాలో చూడడమే మానేశారు. పేజీ చెడితే జనం తిట్టేది సైటును కాదు, ఆపెరాను.

ఇంజిన్ మారినంత మాత్రాన ఎవరూ వెళ్లిపోరు. ఇంజిన్ కంటికి కనిపించేది కాదు. 2013 జులైలో ఆపెరా 15 వచ్చాక అసలు దెబ్బ తెలిసింది. ఇంజిన్‌తో పాటు పైరూపాన్నంతా మొదటి నుంచి రాశారు. రాసే క్రమంలో పదిహేనేళ్లకు పైగా పోగుపడినవి చాలా రాలిపోయాయి. బుక్‌మార్కులు లేవు. ఇష్టమైన టూల్‌బార్లు పెట్టుకునే వీలు లేదు. పక్కన ప్యానెల్ లేదు. నోట్సు లేవు. బ్రౌజర్‌లోనే ఉన్న ఈమెయిల్‌ను విడదీసి వేరే ప్రోగ్రాముగా ఇచ్చారు. పూర్తి స్థాయి బుక్‌మార్కులు తిరిగి రావడానికి ఏడాది పైనే పట్టింది. బుక్‌మార్కులు లేని బ్రౌజర్‌ను కొత్త రూపం అని విడుదల చేయడానికి ఎంత గుండె ధైర్యం కావాలో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక్కడ ఒక మాట అనుకోవాలి. రూపం మారినప్పుడు విసుక్కునేవాళ్లను మార్పంటే పడనివాళ్లని తీసిపారేయడం ఈ రంగంలో అలవాటు. పోపుల పెట్టెలో ఆవాల గిన్నె ఎటుందో రోజూ వంట చేసే మనిషి చూడదు, చెయ్యే వెళ్తుంది. ఆ గిన్నెను ఎవరో మారిస్తే విసుక్కున్నంత మాత్రాన ఆమెకు కొత్త వంటలు గిట్టవని కాదు కదా. ఆపెరా పాతకాపులు బ్రౌజర్ ప్రపంచంలో కొత్తదనాన్ని అందరికంటే ముందు పట్టుకున్నవాళ్లు. మార్పుకు భయపడేవాళ్లయితే 2001లో మౌస్‌తో గీతలు గీసేవాళ్లే కాదు. వాళ్లకు కోపం తెప్పించింది చేతికి వచ్చిన విద్యను లెక్కలోకి తీసుకోకపోవడం. కొందరు ఆపెరా 12ను ఏళ్ల తరబడి అలాగే పట్టుకుని వేళ్లాడారు. కొందరు ఫైర్‌ఫాక్స్‌కు వెళ్లి యాడాన్లతో అతుకులు వేసుకున్నారు. ఆ దారీ ఎంతోకాలం సాఫీగా లేదు. 2014లో ఫైర్‌ఫాక్స్ 29 కూడా రూపం మార్చేసింది.

టెచ్‌నర్ కొత్త కంపెనీతో తిరిగి వచ్చాడు. 2015 జనవరిలో వివాల్డీ తొలి నమూనా, 2016 ఏప్రిల్ 6న 1.0 విడుదలయ్యాయి. కంపెనీ ఉద్యోగుల సొంతం, బయటి పెట్టుబడిదారులు లేరు. వెతుకుడు యంత్రాలతో ఒప్పందాలు, ముందే పెట్టి ఇచ్చే కొన్ని బుక్‌మార్కులు, రాబడి అక్కణ్ణుంచే. విచిత్రమేమిటంటే వీళ్లు కూడా క్రోమియం మీదే కట్టారు. అంటే ఆపెరా 15కూ వివాల్డీకీ పునాది ఒకటే. ఒకే పునాది మీద ఒకరు ఖాళీ గది కట్టారు, ఇంకొకరు పాత ఇంటి వసతులన్నీ మళ్లీ అమర్చారు. కాబట్టి ఆపెరాలో వసతులు పోవడానికి ఇంజిన్ మార్పును నిందించడం కుదరదు. అది ఎంపిక.

అమర్చిన తీరు ముచ్చటైనది. వివాల్డీ పైరూపం, అంటే ట్యాబులు, బటన్లు, ప్యానెళ్లు, సెట్టింగులు అన్నీ వెబ్ పేజీలు తయారుచేసే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్టులతోనే రాశారు. అంటే బ్రౌజర్ తన ముఖాన్ని తానే ఒక పేజీలా గీసుకుంటుంది. దానివల్ల విండోస్‌కూ మ్యాక్‌కూ లినక్స్‌కూ ఒకటే ముఖం సరిపోతుంది. ట్యాబుల పట్టీని పై నుంచి కిందికో, పక్కకో మార్చడం వెబ్ పేజీలో ఒక డబ్బాను అటు నుంచి ఇటు జరపడం లాంటిదే అవుతుంది. సీఎస్ఎస్ తెలిసినవాళ్లు సొంత ఫైలు ఒకటి రాసి, బటన్ల మధ్య ఖాళీ దగ్గర నుంచి అక్షరాల సైజు దాకా తమకు కావలసినట్టు దిద్దుకోవచ్చు. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ట్యాబులతోనే మొదలైంది కనక ముందు వాటి సంగతే చూద్దాం. ఒక ట్యాబును పట్టుకుని ఇంకో దాని మీద వదిలితే రెండూ దొంతరగా మారతాయి. రైలు టికెట్ల పేజీలు ఒక దొంతర, ఆఫీసు పత్రాలు ఒక దొంతర, పిల్లవాడి కాలేజీ దరఖాస్తులు ఇంకో దొంతర. దొంతరను రెండో వరసగా పరిచి చూపించే పద్ధతి 2021 జనవరిలో వచ్చింది. పై వరసలో దొంతరలు, కింది వరసలో ఆ దొంతరలోని పేజీలు. రెండు వరసలు వద్దనుకునేవాళ్లకు వేరే పద్ధతులు ఉన్నాయి. దొంతరలోని పేజీలను తెర మీద పలకల్లా పక్కపక్కనే పరుచుకోనూ వచ్చు. కంట్రోల్ పట్టుకుని ఎఫ్9 నొక్కితే నిలువుగా, ఎఫ్8 నొక్కితే అడ్డంగా, ఎఫ్7 నొక్కితే గళ్లుగా. తెలుగు మూలం ఎడమ పక్క, అనువాదం కుడి పక్క పెట్టుకుని పనిచేసేవాళ్లకు దీని విలువ ఒక్క పూటలో తెలుస్తుంది.

తెలుగు పేజీల విషయంలో ఇంకో లాభం కనిపించింది. వార్తల శీర్షికలు పై పట్టీలో ఇరుక్కుంటే ట్యాబ్ మీద రెండు మూడు అక్షరాలకు మించి కనబడవు. ‘ముఖ్య...’ అని నాలుగు ట్యాబులుంటే ఏ ముఖ్యమంత్రో, ఏ ముఖ్య కార్యదర్శో తెలియదు. పట్టీని ఎడమ పక్కకు మార్చి అంచు పట్టుకుని కాస్త వెడల్పు చేస్తే శీర్షిక దాదాపు మొత్తం చదువుకోవచ్చు. ఎలాగూ ఇప్పటి తెరలు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. పక్క స్థలం వృథాగానే పడి ఉంటుంది. అలాగే జూమ్. మామూలుగా ఒక సైటుకు జూమ్ పెడితే ఆ సైటు పేజీలన్నిటికీ అదే వర్తిస్తుంది. వివాల్డీలో కావాలంటే ఒక్కో ట్యాబుకు విడిగా పెట్టుకోవచ్చు. ఒకే సైటులో వ్యాసం తెలుగులో, పట్టిక ఇంగ్లీషులో ఉన్నప్పుడు, వత్తులు అలుక్కుపోకుండా తెలుగు పేజీని మాత్రమే పెంచుకుని పట్టికను ఉన్నట్టే ఉంచుకోవచ్చు. ఆ జూమ్ మీట కూడా మెనూ లోపల దాక్కోలేదు, కింద స్టేటస్ బార్‌లో కంటికి ఎదురుగా ఉంటుంది. స్టేటస్ బార్ అనేదాన్నే చాలా బ్రౌజర్లు ఎప్పుడో ఎత్తేశాయి.

సంజ్ఞలు ఆపెరా వారసత్వంలోకెల్లా అందమైనవి. మౌస్ కుడి బటన్ నొక్కిపట్టి ఎడమకు గీస్తే వెనక్కి, కిందికి గీస్తే కొత్త ట్యాబ్, కిందికి గీసి కుడికి తిప్పితే మూత. కుడి బటన్ పట్టుకుని ఎడమ బటన్ నొక్కినా వెనక్కి వెళ్తుంది. వీటిని ఉన్నదున్నట్టు తెచ్చిపెట్టి ఊరుకోలేదు. కొత్త సంజ్ఞ కావాలంటే సెట్టింగుల్లో ఒక చతురస్రం చూపిస్తారు, అందులో మీరే గీసి చూపించి, దానికి ఏ పని అప్పగించాలో ఎంచుకోవచ్చు. గీత ఎంత పొడవుంటే సంజ్ఞగా లెక్కించాలో కూడా అక్కడే సరిచేసుకోవచ్చు. వణికే చేతికి అది పెంచుకోవాలి, స్థిరమైన చేతికి తగ్గించుకోవాలి. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద కుడి బటన్ పట్టుకుని లాగడం ఎంత కష్టమో వాడినవాళ్లకు తెలుసు. అందుకని ఆల్ట్ కీ పట్టుకుని వేలితో గీసే వీలూ పెట్టారు. ఒక వసతిని తెచ్చాక, అది ఎవరి చేతికి అందదో వెతికి చూసినవాళ్లకే తోచే పని ఇది.

కీబోర్డు వదలడం ఇష్టం లేనివాళ్లకు వేరే దారి ఉంది. ఎఫ్2 నొక్కితే తెర మధ్యలో ఒక గడి వస్తుంది. అందులో ఏదైనా రాయొచ్చు. తెరిచి ఉన్న ట్యాబ్ పేరులో ఒక ముక్క రాస్తే ఆ ట్యాబ్, బుక్‌మార్కు పేరు రాస్తే ఆ బుక్‌మార్కు, చేయవలసిన పని పేరు రాస్తే ఆ పని. కూడికలూ తీసివేతలూ రాస్తే జవాబు చెబుతుంది. మెనూలో ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకునే శ్రమ దీనితో పోతుంది. మెనూలు కూడా మార్చుకోదగినవే, వాడని వరసలు తీసేయొచ్చు. 2021లో వచ్చిన గొలుసు ఆదేశాలు ఇంకో మెట్టు. నాలుగు పనులను వరసగా కట్టి ఒకే మీటకు తగిలించవచ్చు. చదువుకునే సమయంలో ట్యాబుల పట్టీ దాచి, పేజీని రీడర్ రూపంలోకి మార్చి, తెరంతా నింపడం ఒక్క నొక్కులో అయిపోతుంది.

పాత ఆపెరా అభిమానులు చూసి నవ్వుకునే చిన్న వస్తువులు కొన్ని ఉన్నాయి. వెనక్కి, ముందుకి బాణాల పక్కన ఇంకో రెండు బాణాలు. ఒకటి నొక్కితే ఈ సైటులో మొట్టమొదట ఏ పేజీకి వచ్చారో అక్కడికి ఒకేసారి తీసుకెళ్తుంది. గూగుల్ నుంచి ఒక సైటులో అడుగుపెట్టి, అందులో పదిహేను పేజీలు తిరిగాక, పదిహేను సార్లు వెనక్కి కొట్టనక్కర్లేదు. రెండోది పేజీలో ‘తర్వాత’ లాంటి లింకు ఎక్కడుందో ఊహించి అక్కడికి వెళ్తుంది. ఊహ అన్నిసార్లూ కుదరదు, కుదిరినప్పుడు హాయిగా ఉంటుంది. పేజీ తెరుచుకునేటప్పుడు అడ్రస్ గడిలోనే ఎన్ని ముక్కలు వచ్చాయో, ఎంత డేటా దిగిందో అంకెల్లో చూపిస్తుంది. బొమ్మలు రాకుండా ఆపే మీట ఉంది. డయలప్ మోడెం కీచుమంటుంటే బొమ్మలు ఆపేసి చదువుకున్న రోజులు గుర్తున్నవాళ్లకు ఇది జ్ఞాపకం. ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేసుకునేవాళ్లకు మాత్రం ఇవాళ్టి అవసరమే.

నన్ను అన్నిటికంటే కదిలించినది దిగుమతి చేసే చిన్న పెట్టె. వేరే బ్రౌజర్ నుంచి వచ్చేవాళ్లు అక్కడ తాము వాడుతున్నదాని పేరు ఎంచుకుంటే బుక్‌మార్కులూ పాస్‌వర్డులూ వచ్చేస్తాయి. ఇంతవరకూ అందరూ చేసేదే. ఆ జాబితాలో పాత ఆపెరాకు, అంటే 12 దాకా వచ్చిన వెర్షన్లకు, విడిగా ఒక వరస ఉంది. వాటి బుక్‌మార్కు ఫైలు పద్ధతే వేరు, ఇవాళ ఎవరూ వాడరు. దాన్ని చదివే కోడ్ ఎవరో కూర్చుని రాశారు. నోట్సు కూడా వస్తాయి. పాత ఆపెరా మెయిల్‌లో ఏళ్లుగా పడి ఉన్న ఉత్తరాలను వివాల్డీ మెయిల్‌లోకి తెచ్చుకునే దారి కూడా పెట్టారు. వివాల్డీ మెయిల్ తొలి పూర్తి వెర్షన్ 2022 జూన్‌లో వచ్చింది, అంటే ఆపెరా 15 విడుదలై తొమ్మిదేళ్లు కావస్తుండగా. తొమ్మిదేళ్లు ఉత్తరాలు దాచుకున్నవాళ్లు ఎంతమంది మిగిలి ఉంటారు? వాళ్ల కోసం కూడా తలుపు తెరిచి ఉంచారు.

ఇప్పుడు మూల్యం సంగతి. ముఖాన్ని వెబ్ పేజీగా రాయడం వల్ల వివాల్డీ కొంచెం బరువు. కొత్త కిటికీ తెరుచుకోవడంలో క్రోమ్‌కున్న చురుకు దీనికి లేదు. పాత, చిన్న కంప్యూటర్లలో ఆ తేడా చిరాకు పుట్టిస్తుంది. వాడని ట్యాబులను నిద్రపుచ్చే వసతి ఉన్నా పూర్తి విరుగుడు కాదు. రెండోది, క్రోమియంలో చేసిన మార్పుల కోడ్ బయటపెడతారు కానీ పైరూపం కోడ్‌ను ఓపెన్ సోర్స్‌గా ఇవ్వలేదు. అది ముఖ్యమనుకునేవాళ్లు ఫైర్‌ఫాక్స్ వైపే ఉంటారు, వాళ్లను తప్పుపట్టలేం. మూడోది అన్నిటికంటే పెద్దది. పునాది గూగుల్ చేతిలో ఉంది. ఎక్స్‌టెన్షన్లు ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో అక్కడ నియమాలు మారితే ఆ కుదుపు ఇక్కడా తగులుతుంది. ప్రకటనలను, వెంటపడి గమనించే ట్రాకర్లను ఆపే యంత్రాన్ని 2020లోనే బ్రౌజర్‌లో భాగంగా పెట్టుకోవడం అందుకు కొంత ముందుజాగ్రత్త అయింది.

చిన్న బ్రౌజర్‌గా బతకడంలో ఉన్న ఇబ్బంది కూడా వీళ్లకు వారసత్వంగానే వచ్చింది. 2003లో ఎంఎస్ఎన్ సైటు ఆపెరా 7కు మాత్రం వేరే స్టైల్ ఫైలు పంపి పేజీ పక్కకు జరిగిపోయేలా చేస్తోందని ఆపెరా ఇంజనీర్లు బయటపెట్టారు. దానికి బదులుగా వాళ్లు ‘బోర్క్’ అనే ప్రత్యేక వెర్షన్ విడుదల చేశారు. అందులో ఎంఎస్ఎన్ పేజీ తెరిస్తే మాటలన్నీ మపెట్ షో అనే టీవీ బొమ్మలాటలోని స్వీడిష్ వంటవాడి గొణుగుడులా మారిపోయేవి. వివాల్డీ అంత చిలిపిగా పోలేదు. కొన్ని సైట్లు పేరు చూడగానే ‘మీ బ్రౌజర్ పనికిరాదు’ అని గెంటేస్తుంటే, 2019 డిసెంబరు నుంచి చాలా సైట్లకు తన పేరు చెప్పడమే మానేసి క్రోమ్‌గా పరిచయం చేసుకుంటోంది. పేరు దాచాక అవే సైట్లు ఏ లోపమూ లేకుండా నడిచాయి. తప్పు ఎవరిదో అక్కడే తేలిపోయింది.

మరి రూపం మార్పు దెబ్బ తిని పుట్టిన ఈ బ్రౌజర్ తన రూపం మార్చుకోవలసి వచ్చినప్పుడు ఏం చేసింది? 2024 అక్టోబరులో వివాల్డీ 7.0 కొత్త ముఖంతో వచ్చింది. ట్యాబులు పట్టీకి అంటుకుని ఉండకుండా విడిగా తేలుతున్నట్టు కనిపించాయి, అంచులు గుండ్రపడ్డాయి. నిజం చెప్పాలంటే పాత ముఖమే నాకు నచ్చింది, కొత్తది స్థలం ఎక్కువ తింటుంది. కానీ పక్కన పెట్టుకున్న ట్యాబుల పట్టీ పక్కనే ఉంది. గీసుకున్న సంజ్ఞలు గీసినట్టే పనిచేశాయి. ఎఫ్2 గడి, దొంతరలు, గొలుసు ఆదేశాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మారింది రంగూ రూపూ, చేతికి తెలిసిన దారులు కావు. ఆపెరా 15కూ దీనికీ మధ్య ఉన్న దూరమంతా అక్కడే ఉంది.

మారాలనుకునేవాళ్లకు ఒక సలహా. మొదటిసారి తెరిచినప్పుడు ఎసెన్షియల్స్, క్లాసిక్, ఫుల్లీ లోడెడ్ అని మూడు అమరికలు చూపించి ఒకటి ఎంచుకోమంటుంది. అన్నీ ఉన్నాయి కదా అని మూడోది నొక్కకండి, మొదటి పూటే బెదిరిపోతారు. మొదటిదో రెండోదో తీసుకుని ఓ వారం మామూలుగా వాడండి. ఆ తర్వాత కంట్రోల్, ఎఫ్12 కలిపి నొక్కి సెట్టింగులు తెరవండి, వెతికే గడి పైనే ఉంటుంది. జాబితా అంతా చదవనక్కర్లేదు. చెయ్యి ఎక్కడ తడబడుతోందో ఆ ఒక్కదాని పేరు కొట్టి చూడండి. ఒంటి అక్షరం షార్ట్‌కట్లు మాత్రం అడిగితే తప్ప రావు, కీబోర్డు విభాగంలో వాటిని మీరే ఆన్ చేసుకోవాలి. ఆ తర్వాత జెడ్ నొక్కితే వెనక్కి, ఎక్స్ నొక్కితే ముందుకి, 1, 2 అంకెలతో ట్యాబుల మధ్య అటూ ఇటూ తిరగొచ్చు. ఆపెరా 12 వాడినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.